నా నంబరు మీద పదకొండు మంది

ఉదయగిరి నుంచి వచ్చి మూడు నెలలు కావస్తోంది. మా చీరాల సంఘంలో ఎవరు ఊరెళ్లి వచ్చినా ఆదివారం ఆరాధన అయ్యాక నాలుగు మాటలు చెప్పించుకుంటారు. నన్నూ అడిగారు. కొండ ఎంత ఎత్తు, కోట ఎక్కారా, చెక్క గరిటెలు తెచ్చారా అని. కొండను కింద నుంచే చూశాను. కోట ఎక్కలేదు. చెక్క చెంచా ఒకటి చేతికి వచ్చింది గాని అది నాది కాదు, ఇంకొకరికి చేర్చాల్సింది. నాలుగు మాటల్లో తెమిలేది కాదని అప్పుడు ఊరుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను.

ఈ ప్రయాణం ఎందుకు చేయాల్సి వచ్చిందో ముందు చెప్పాలి. తప్పు నాది కనుక దాన్ని దాటేసి రాయడం కుదరదు.

పదకొండు పేర్లు

జనవరి చివర్లో ఉదయగిరి సంఘంలో స్త్రీల కూడికలకు వాక్యం చెప్పడానికి వెళ్లాను. మూడో రోజు మధ్యాహ్నం మందిరం ఆవరణలోనే క్షయ పరీక్షల శిబిరం పెట్టారు. ఇద్దరు అమ్మాయిలు ఒక సంచిలోంచి కెమెరా అంత యంత్రం తీశారు. గోడకు పలక ఆనించి, ఒక్కొక్కరినీ దాని ముందు నిలబెట్టి ఛాతీ ఫోటో తీశారు. మేము ఒక పాట పాడి ముగించేలోపు కంప్యూటరు ఆ బొమ్మను చూసి, నీడ ఎక్కడ ఉందో గీత గీసి చూపించేది. నా చిన్నతనంలో మా నాన్నకు ఎక్స్‌రే తీయించడానికి ఒంగోలు రెండుసార్లు తిరిగాం. అది గుర్తొచ్చి, ఇంత తేలికైపోయిందా అనుకుని దేవునికి స్తోత్రం చెప్పాను.

చిక్కల్లా ఫోను నంబరుతో వచ్చింది. నంబరు నింపకపోతే వాళ్ల ట్యాబ్ ముందుకు కదలదు. పదకొండు మందికి సొంత ఫోను లేదు. "నాది రాసుకోండమ్మా" అన్నాను. ఒకరి తరువాత ఒకరికి పదకొండు సార్లు నా నంబరు చెప్పాను. ఆ పని చేస్తుంటే సంతోషంగానే ఉంది, దాచను. నీడ కనిపించిన వాళ్ల దగ్గర కళ్లె సీసాల్లో పట్టి ఆత్మకూరు ఆసుపత్రికి పంపారు. పోయేముందు ఒక అమ్మాయి అందరికీ చెప్పింది: "ఏమన్నా ఉంటేనే ఫోన్ వస్తాది. రాకపోతే ఏమీ లేనట్టే. దిగులు పడబాకండి."

ఆ పదకొండు పేర్లూ నా ప్రార్థన పుస్తకంలో రాసుకున్నాను. వాటిలో చెంచమ్మ ఒకటి. నలభై దాటిన మనిషి. కొండ మీద కట్టె ఏరుకొచ్చి అమ్ముకుంటుంది. కూడికలు జరిగినన్నాళ్లూ ముందు వరసలో కూర్చుంది. దగ్గు వచ్చినప్పుడల్లా లేచి బయటికి పోయి, దగ్గి, మళ్లీ వచ్చి అదే చోట కూర్చునేది.

నేను ఇంటికి వచ్చిన మూడో రోజున మా సంఘంలో ఇరవై ఒక్క రోజుల ఉపవాస ప్రార్థనలు మొదలయ్యాయి. ఆ రోజుల్లో ఫోన్లు ఆపేయాలని, ఎప్పుడు ప్రార్థనకు వచ్చినా గుమ్మం దగ్గర బుట్టలో వేయాలని రెండేళ్ల కిందట నియమం పెట్టింది నేనే. ఇంట్లోనైతే నా ఫోను బీరువాలో, చీరల అడుగున పెట్టేస్తాను. ప్రతి ఉదయం పుస్తకం తెరిచి పదకొండు పేర్లూ చదివేదాన్ని.

ఉపవాసం ముగిసి ఫోను తెరిస్తే సందేశాలు కుప్పలుగా పడ్డాయి. పండగ శుభాకాంక్షలు, బ్యాంకువి, ఇంగ్లీషువి. ఇంగ్లీషువి తరువాత చూద్దామని వదిలేశాను. అలా ఇంకో వారం పోయింది. ఒక మధ్యాహ్నం తీరికగా చూస్తుంటే ఒకదానిలో చెంచమ్మ పేరు కనిపించింది. కింద ఒక నంబరు ఉంటే దానికి చేశాను.

అవతల మగ గొంతు. నేను నోరు తెరిచేలోపే, "చెంచమ్మా? అమ్మా తల్లీ, ఎక్కడికి పోయినావు? ఎప్పుడు చేసినా స్విచ్చాఫే! నీకు టీబీ ఉండాది. ఈ పాటికి మందులు మొదలుపెట్టి నెల కావాల. ఇంట్లో పసిబిడ్డలు ఎవరన్నా ఉండారా?" అన్నాడు.

ఆ ఒక్క నిమిషం ఆ జబ్బు నాదే అయింది. నా చెయ్యి దానంతటదే ఛాతీ మీదికి పోయింది.

"నేను చెంచమ్మను కాదండీ. నంబరు నాది."

"మరి చెంచమ్మ ఏదీ?"

నాకు తెలియదు. ఆయన పేరు మాలకొండయ్య, ఆత్మకూరులో క్షయ రోగులను చూసుకునే సూపర్‌వైజరు. చెంచమ్మ కోసం రెండు తూర్లు ఉదయగిరి పోయానని, ఊళ్లో లేదన్నారని చెప్పాడు. ఉదయగిరి పాస్టరుగారికి చేశాను. "ఆమెకు స్వస్థత కలిగిందమ్మా. సంఘం ముందర సాక్ష్యం కూడా చెప్పింది" అన్నారాయన.

ఫోను పెట్టేశాక సంగతి అర్థమైంది. ఫోన్ రాలేదు కనుక జబ్బు లేదనుకుంది. జబ్బు లేదు కనుక దేవుడు తీసేశాడని సాక్ష్యం చెప్పింది. ఆ ఫోను నా చీరల అడుగున ఉంది. ఇక ఫోన్ల మీద నమ్మకం పోయింది. మర్నాడే కావలి రైలెక్కాను.

జలదంకి దాకా ఒక పట్టుచీర

కావలిలో ఉదయగిరి బస్సెక్కాను. ఆడవాళ్లకు టికెట్టు లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. అందుకే కాబోలు, కాలు పెట్టే చోటు లేదు. నా మోకాళ్ల నొప్పి చూసి జాలిపడి ఒకామె జరిగి చోటిచ్చింది. అరవై పైబడిన మనిషి, మండే ఎండలో పట్టుచీర కట్టుకుని ఉంది. పెళ్లికా అని అడిగాను.

"పెండ్లా పాడా? మా ఊరి క్లినిక్కులో ఈ పొద్దు డాక్టరుకు చూపించుకోవాల. బీపీకి."

"దానికి పట్టుచీర ఎందుకమ్మా?"

"ఆయన ఫోన్లో కనపడతాడు. మొగం పెద్దది చేసి చూస్తాడంట. నలిగిన చీరతో ఏం కూచుంటాం?" అని నవ్వింది. జలదంకి అవతల ఏదో పల్లె ఆమెది. నర్సమ్మ ట్యాబ్ ముందు కూర్చోబెడుతుందట, నెల్లూరు నుంచో ఎక్కడి నుంచో డాక్టరు మాట్లాడతాడట. కావలి పోయి రోజంతా కూర్చునే బాధ తప్పిందంది.

"బాగా చూస్తాడా?"

"మాత్ర సరిగ్గానే ఇస్తాడమ్మా. చెయ్యి మాత్రం పట్టుకోడు."

ఆమె జలదంకిలో దిగిపోయింది. కలిగిరి దాటేదాకా ఆ మాటే నాకు తోడు.

ఉదయగిరి

మా వైపు ఎటు చూసినా చదునే. ఉదయగిరిలో బస్సు దిగేసరికి ఎదురుగా కొండ గోడలా నిలబడి ఉంటుంది. తాగే నీళ్లకు డబ్బాలు మోసుకుపోయేవాళ్లు వీధికి నలుగురు ఎదురయ్యారు. ఇక్కడి బోరు నీళ్లు తాగితే పళ్లు గారపడతాయంటారు. బస్టాండు దగ్గర ఒక ఇంటి ముందు పొయ్యి మీద మా గుంట పునుగులే వేస్తున్నారు. వీళ్లు పులిబొంగరాలంటారు. ముప్పై రూపాయలకు ఆరు, అల్లం కారంతో. ఉదయం నుంచి ఏమీ తినలేదు కనుక అవి ఎంత రుచిగా ఉన్నాయో చెప్పడానికి నా మాట పనికిరాదు.

పాస్టరుగారిని సంఘంలో అందరూ అయ్యగారనే అంటారు. ముప్పై అయిదేళ్లుండవు, కష్టపడే మనిషి. కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, నేను చెప్పిందంతా తల వంచుకుని విన్నారు. అప్పుడు అన్నారు:

"ఆమె సాక్ష్యం విని నాలుగు ఇండ్లోళ్లు కొత్తగా మందిరానికి వస్తా ఉండారమ్మా. ఇప్పుడు పోయి, అది కాదని చెప్పమంటారా? వాళ్ల విశ్వాసం ఏం కావాల?"

ఆ ప్రశ్న రైల్లో నాకు నేనే వేసుకున్నాను. జవాబు దొరకలేదు. దొరకలేదనే చెప్పాను.

వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న పాస్టరమ్మ గారు చేతిలో గరిటె పట్టుకునే బయటికి వచ్చారు. "విశ్వాసం సంగతి నాకు తెలియదయ్యా. దగ్గు సంగతి తెలుసు. ఆమె దగ్గు పోలేదు. సాక్ష్యం చెప్పేటప్పుడు కూడా కొంగు అడ్డం పెట్టుకొని రెండు తూర్లు దగ్గింది. మనమందరం హల్లెలూయా అన్నాం. నేనూ అన్నాను" అన్నారు.

అయ్యగారు లేచి మజ్జిగ గ్లాసు లోపలికి తీసుకుపోయారు. ఆ మధ్యాహ్నం వాళ్లింట్లో సంగటి, గోంగూర పెట్టారు. మా వైపు సంగటి తినడం తక్కువ. నేను అన్నంలా నమలబోతే, "మింగాలమ్మా, నమిలితే రుచి రాదు" అని పాస్టరమ్మ గారు నేర్పారు.

చెంచమ్మ కూతురి దగ్గరికి పోయిందని మాత్రమే వాళ్లకు తెలుసు. ఏ ఊరో, ఆమె దగ్గర కట్టె కొనే మస్తాన్‌బీకి తెలిసి ఉంటుందన్నారు. మిగతా పదిమందిలో ఊళ్లో ఉన్న ఏడుగురిని ఆ సాయంత్రమే ఇంటింటికీ పోయి కలిశాను. వాళ్లకు ఏ జబ్బూ లేదని మాలకొండయ్యను అడిగి రాసుకున్న కాగితం నా సంచిలో ఉంది. "మాకు ఎప్పుడో తెలుసు గదమ్మా, ఫోన్ రాలేదు గదా" అన్నారు అందరూ. ప్రతి గడపలోనూ ఆ మాట వినాల్సి వచ్చింది.

మస్తాన్‌బీ వాకిలి

మస్తాన్‌బీ వాకిట్లో కూర్చుని చెక్క చెంచాకు ఆకురాయి పెడుతోంది. డెబ్బై ఏళ్లుంటాయి. ఒడి నిండా చెక్కపొడి. నేను పేరు చెప్పగానే, "జనవరిలో మైకులో మాట్లాడినది నువ్వేనా? మా ఇంటిదాకా వినపడింది, నిద్ర పట్టనిస్తే ఒట్టు" అని పీట జరిపింది.

ఆమెకు చక్కెర జబ్బు. ఆసుపత్రిలో వేలిముద్ర పడేది కాదట. యాభై ఏళ్లు చెక్క రాకి రాకి వేళ్ల మీద గీతలు పోయాయి. చూపించింది. నున్నగా, ఆమె చేసే చెంచా లాగే ఉన్నాయి. ఇప్పుడు ముఖం చూసి గుర్తుపట్టే మిషను పెట్టారట.

"కన్ను ఆర్పమంటాది, తల తిప్పమంటాది. ఆ మిషను చూసినంతసేపు మా ఇంటాయన కూడా నా మొగం చూడలేదమ్మా ఎన్నడూ!"

చెంచమ్మ మాట ఎత్తగానే నవ్వు ఆపేసింది. "కొండ మెట్టు ఎక్కలేకపోతా ఉండా బీబీ, ఆయాసంగా ఉండాది అనింది. పుల్ల మాదిరి అయిపోయింది. కూతురి కాడికి పోయింది, అనంతసాగరం అవతల చెరువు కింది కాలనీకి. కూతురికి చంటిబిడ్డ, ఎనిమిది నెలలు. చెరువు నీళ్లు తగ్గినాయి గదా, ఆ మొగుడు పెళ్లాం చేపలకు పోతే బిడ్డను ఈమే పట్టుకోవాల."

ఎనిమిది నెలల బిడ్డ. ఫోన్లో మాలకొండయ్య అడిగిన ప్రశ్నకు జవాబు అది.

నేను లేవబోతుంటే మస్తాన్‌బీ ఒక చిన్న చెంచా కొంగుతో తుడిచి ఇచ్చింది. "ఆ బిడ్డకు. నీళ్లు తాపడానికి. డబ్బులు ఇయ్యబాక, చెంచమ్మ తెచ్చిన కట్టే ఇది."

ఆత్మకూరు

మర్నాడు ఆత్మకూరు చేరేసరికి పది దాటింది. ముందే ఫోను చేసి చెప్పాను గనుక మాలకొండయ్య ఆసుపత్రి గేటు దగ్గర మోటారు సైకిలు మీద కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్ల మనిషి, చొక్కా వెనక అంతా చెమట. నన్ను చూసి, "చెంచమ్మగారూ, దొరికినారా!" అన్నాడు. హాస్యమో కోపమో తెలియలేదు. రెండూ అయి ఉంటాయి.

కళ్లె పరీక్ష చేసే మిషను చూపించాడు. ఉదయం పెట్టిన సీసాకు మధ్యాహ్నంలోపే ఫలితం చెబుతుంది. ఒకప్పుడు ఇదే పని వారాలు పట్టేదట. "చెంచమ్మ సీసా వచ్చిన మర్నాడే తేలిపోయిందమ్మా. మిషను దాని పని అది చేసింది" అన్నాడు.

"ఒక్క మనిషికి ఒక్క నంబరు ఉండాలనేది మా లెక్క. ఒక్క నంబరుకు పదకొండు మంది ఉంటారని ట్యాబ్ చేసినోడు అనుకోలేదు" అని బండి తీశాడు. అనంతసాగరం దాకా షేర్ ఆటో దొరుకుతుంది గాని అవతలికి గంటకొకటి అన్నాడు. "నా వెనక కూర్చోగలరా?"

అరవై రెండేళ్ల వయసులో మొదటిసారి పరాయి మగవాడి బండెక్కాను. సోమశిల వైపు గాలి వేడిగా కొడుతోంది. మందుల సంచి నా ఒళ్లో. గతుకుల్లో ఎక్కడో నా ఎడమ చెప్పు జారిపోయింది. అరిచి చెప్పాలంటే సిగ్గేసి ఊరుకున్నాను. కాలనీ దగ్గర ఒంటి చెప్పుతో దిగాను.

చెరువు కింద

ఇరవై ఇళ్లుంటాయి. ముళ్లకంచె మీద వలలు ఆరేసి ఉన్నాయి, చిన్న చేపలు ప్లాస్టిక్ పట్టాల మీద ఎండుతున్నాయి. మూడో ఇంటి ముందు నీడలో చెంచమ్మ కూర్చుని ఉంది, ఒడిలో బిడ్డ. జనవరిలో చూసిన మనిషిలో సగమే మిగిలింది. నన్ను చూడగానే ఆమె ముఖం వెలిగింది.

"అమ్మా! వందనాలు! నా సాక్ష్యం మీ దాకా వచ్చిందా? అది విని వచ్చినారా?"

నలభై ఏళ్లుగా నిలబడి మాట్లాడటమే నా పని. ఇప్పుడు ఒంటి చెప్పుతో నిలబడ్డానంతే. ఆమె నా కాళ్లు చూసింది. ఒక చెప్పు లేదని గమనించి, తన చెప్పులు విప్పి నా ముందుకు తోసింది. "నేల కాలతా ఉండాది, వేసుకోండి."

వేసుకుని, ఆమె ఎదురుగా చాప మీద కూర్చున్నాను.

"చెంచమ్మా, నీకు టీబీ ఉంది. ఆత్మకూరులో పరీక్షలో తేలింది."

"ఫోన్ రాలేదు గదమ్మా."

"వచ్చింది. చాలాసార్లు వచ్చింది. నేను ఎత్తలేదు."

"ఎందుకెత్తలేదు?" కోపం లేదు ఆ గొంతులో. తెలుసుకోవాలని అడిగింది.

"ఫోను ఆపేసి ఉపవాస ప్రార్థనలో ఉన్నాను."

"ఎవురి కోసరం?"

"అందరి కోసం. నీ కోసం కూడా. రోజూ నీ పేరు చదివాను."

ఆమె బిడ్డను రెండు చేతులతో ఎత్తి, వలలు సర్దుతున్న కూతురు మంగ చేతికిచ్చి, చాప మీద నుంచి లేచి దూరంగా, గాలి అటు పోయే వైపు గోడకు ఆనుకుని కూర్చుంది. బిడ్డ అవ్వ కోసం చేతులు చాపి ఏడుపు మొదలుపెట్టింది. చెంచమ్మ తల తిప్పుకుంది.

మాలకొండయ్య సంచి విప్పి మాత్రల అట్టలు చూపించాడు. ఆరు నెలలు, రోజూ. ఆపకుండా మింగితే పోయే జబ్బే. ఈ రోజే ఆత్మకూరు వస్తే బిడ్డనూ తల్లినీ కూడా చూపించవచ్చు. అంతా విని చెంచమ్మ అంది:

"నేను రాను సార్. సంఘం ముందర లేచి, దేవుడు తీసేసినాడని చెప్పినాను. ఇప్పుడు ఆసుపత్రికి వస్తే, అబద్ధమాడినట్టు కాదా? దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టు కాదా?"

అయ్యగారి ప్రశ్నే మళ్లీ వచ్చింది. ఉదయగిరిలో దొరకని జవాబు ఇక్కడ దొరికిందని చెప్పను. ఆమె కాళ్ల చెప్పులు నా కాళ్లకు ఉన్నాయి, ఆమె వట్టి కాళ్లతో ఎండ గోడ పక్కన ఉంది. నాకు కనిపించింది అంతే.

"నువ్వు అబద్ధం చెప్పలేదు. నీకు చేరిన మాటే చెప్పావు. దేవుడు నీకు కబురు పంపాడు, అది నా దగ్గర ఆగింది. సంఘం ముందు ఆ మాట చెప్పాల్సింది నేను. చెబుతాను. ఈ ఆదివారమే."

"మీరా?" అంది నమ్మలేనట్టు.

మంగ బిడ్డను చంకకెత్తుకుని మధ్యలో వచ్చింది. "మా, సాక్ష్యం సంగతి ఆ యమ్మ చూసుకుంటాది. ముందు లెయ్. నువ్వు లెయ్యకపోతే నేను బిడ్డనెత్తుకొని పోతా ఉండా. ఇంట్లో ఒక్కదానివే కూచో నీ సాక్ష్యం పెట్టుకొని!"

చెంచమ్మ లేచింది. మస్తాన్‌బీ ఇచ్చిన చెంచా మంగ చేతిలో పెట్టాను. చెంచమ్మ దూరం నుంచే చూసి, "అది నేను తెచ్చిన కట్టే" అంది.

తెర మీద డాక్టరు

మాలకొండయ్య బండి వెంట నలుగురం ఆటోలో ఆత్మకూరు చేరాం. చెంచమ్మ ముక్కుకు గుడ్డ కట్టుకుని డ్రైవరు పక్కన, బయటికి ముఖం పెట్టి కూర్చుంది. మంగకు ఛాతీ ఫోటో తీశారు. శుభ్రంగా ఉంది. బిడ్డ సంగతి తేల్చడానికి పిల్లల డాక్టరును తెర మీదికి పిలిచారు. ఎక్కడో నెల్లూరులో కూర్చున్న అమ్మాయి, మా చిన్న మేనకోడలి వయసు. బిడ్డ తెరను పీకాలని చూసింది. డాక్టరు, "సిస్టర్, మెడ పక్కన తడిమి చూడండి. గడ్డలేమైనా తగులుతున్నాయా? పొట్ట నొక్కండి" అంటే నర్సమ్మ అలాగే తడిమి, నొక్కి, చెప్పింది. చూపు అక్కడ, చెయ్యి ఇక్కడ. జలదంకి పట్టుచీరావిడకు చెప్పాలనిపించింది, చెయ్యి ఎవరో ఒకరు పట్టుకోవాలి, లేకపోతే తెర ఒట్టి తెరేనని.

బిడ్డ బరువు చూశారు, ఎక్స్‌రే తీశారు. జబ్బు లేదు. రాకుండా ఉండటానికి కొన్ని నెలలు మందు వేయాలన్నారు. మంగ ఏడ్చింది. అప్పటిదాకా అందరినీ అదిలిస్తూ వచ్చిన పిల్ల ఆ మాట విన్నాక ఏడ్చింది. మాలకొండయ్య బయటికి పోయి అందరికీ టీ చెప్పాడు. చెంచమ్మ తన గ్లాసు పట్టుకుని వేరే బల్ల మీద కూర్చుంది, ఎవరూ చెప్పకుండానే.

చివరికి ట్యాబ్ ముందు కూర్చున్నాం. మాలకొండయ్య మంగ భర్త నంబరు రాశాడు. ఆ ఊరి ఆశా కార్యకర్త నంబరు రాశాడు. "ఈ పాత నంబరు తీసేస్తా ఉండా" అన్నాడు.

"తీసేయండి" అన్నాను. అలసట వల్లో, అవమానం వల్లో, త్వరగా ఆ నంబరు అక్కడ లేకుండా పోతే చాలనిపించింది.

"తీయబాకండి సార్" అంది చెంచమ్మ బల్ల మీద నుంచి. "ఉంచండి. ఒక తూరి ఎత్తలేదు గదా, ఈ తూరి ఎత్తుతాది."

మాలకొండయ్య నా వైపు చూశాడు. నేను తల ఊపాను. మూడో నంబరుగా ఉంచాడు.

ఆదివారం

ఆదివారం ఉదయగిరి మందిరంలో లేచి నిలబడ్డాను. అయ్యగారు ముందు రోజు రాత్రి దాకా వద్దన్నారు. ఉదయం మాత్రం తానే నా పేరు పిలిచారు. కొత్తగా వస్తున్న నాలుగు ఇళ్లవాళ్లూ వెనక వరసలో ఉన్నారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. పెద్దగా ఏమీ చెప్పలేదు, పది నిమిషాలు కూడా పట్టలేదు. చెంచమ్మ మందులు మింగుతోందని, ఆమె కోసం ప్రార్థించమని, ఆమె కూతురి ఊరికి వెళ్లేవాళ్లు గుడ్లు తీసుకెళ్లమని చెప్పి కూర్చున్నాను. ఎవరూ హల్లెలూయా అనలేదు.

ఆరాధన అయ్యాక ఆ కొత్తవాళ్లలో ఒకాయన వచ్చి, "అమ్మా, మా నాయనకు రెండు నెలలుగా దగ్గు. ఆ ఫోటో మిషను మళ్లీ ఎప్పుడొస్తాది?" అని అడిగాడు. మాలకొండయ్య నంబరు ఇచ్చాను. మిగతా మూడు ఇళ్లవాళ్లు ఆ తరువాత మందిరానికి వచ్చారో లేదో నాకు తెలియదు. అయ్యగారిని అడగలేదు.

తిరుగు బస్సులో నిద్రపోయాను. చెంచమ్మ చెప్పులు తిరిగిచ్చి ఆత్మకూరులో కొన్న రబ్బరు చెప్పులు కొత్తవి, వేళ్ల మధ్య ఒరుసుకుపోయాయి.

గుమ్మం దగ్గర బుట్ట

మా సంఘంలో శుక్రవారం తెల్లవారుజాము ప్రార్థన ఇప్పటికీ ఉంది. గుమ్మం దగ్గర బుట్ట ఉంది. అందరూ ఫోన్లు ఆపి అందులో వేసి లోపలికి వస్తారు. నాది ఒళ్లో పెట్టుకుంటాను. నియమం పెట్టింది మీరే కదా అని మొదటి వారం ఒకరిద్దరు అడిగారు. వాళ్లకు ఈ కథంతా చెప్పాను.

మంగ భర్త ఆరు గంటలకు వల తీసుకుని ఫోను జేబులో వేసుకుని చెరువుకు పోతాడు. ఆ లోపే చెంచమ్మ మాత్రలు మింగి, అతని దగ్గర ఫోను తీసుకుని నాకు చేస్తుంది. ఇలా చేయమని ఎవరూ చెప్పలేదు. ఆసుపత్రి లెక్కలో ఇది లేదు. ఒక్క రోజు మోగలేదు. ఆరుంపావుకు నేనే చేస్తే, "చార్జింగు లేదమ్మా, మింగినాను, మింగినాను" అని అరిచింది.

శుక్రవారం అయితే ఎవరో ఒకరు ప్రార్థిస్తుండగా మోగుతుంది. వాళ్లు ఆపరు. నేను కొంగు అడ్డం పెట్టుకుని ఎత్తుతాను.

"మింగినానమ్మా."

"మంచిది చెంచమ్మా."

వెనక బిడ్డ ఏదో అంటుంటుంది. ఫోను పెట్టేస్తుంది. అప్పుడు పుస్తకం తెరిచి ఆమె పేరు చదువుతాను.